‘దవాఖాన’కు ఫలితాలు లేవు

మా ఇంట్లో మందుల డబ్బాకు బయట ఒక చీటీ, లోపల ఒక చీటీ ఉంటాయి. లోపలిది ఎందుకని మావారు చాలాసార్లు అడిగారు. బయటిది ఊడిపోతే ఎట్లా అని నా భయం.

ఘాజియాబాద్‌లో ఇల్లు, గురుగ్రామ్‌లో ఆఫీసు. మెట్రోలో కూర్చున్నాక గ్యాసు కట్టేశానా, గీజరు ఆపానా, అమ్మాయి టిఫిను డబ్బా బల్ల మీదే ఉండిపోయిందా అని కనీసం మూడు స్టేషన్ల దూరం మథనపడందే నాకు ప్రయాణం చేసినట్టుండదు. ఈ జబ్బుకు ఇంట్లో వెక్కిరింతలు దొరుకుతాయి. ఆఫీసులో మాత్రం దీన్నే ఉద్యోగం అంటారు. ఒక వెబ్‌సైట్‌లో ఏ పేజీ ఎక్కడుండాలి, దాన్ని ఏ పేరుతో పిలవాలి, కొత్తగా వచ్చిన మనిషి తనకు కావలసింది ముందు ఎక్కడ వెతుకుతాడు, దొరక్కపోతే ఏం చేస్తాడు, ఇవన్నీ ముందే ఊహించి భయపడి పేజీలు సర్దిపెట్టటం నా పని. భయపడటం చేతనైన వాళ్ళకే ఈ పని బాగా వస్తుందని నా నమ్మకం.

ఢిల్లీ తెలుగువాళ్ళ సంఘం ఒకటి తమ వెబ్‌సైట్‌ను సర్దిపెట్టమని అడిగినప్పుడు అందుకే సంబరంగా ఒప్పుకున్నాను. తెరిచి చూస్తే తల తిరిగింది. పైన అధ్యక్షుల సందేశం, పక్కన అధ్యక్షుల ఫోటో. కింద ‘సంఘం గురించి’, ‘కార్యవర్గం’, ‘ఇతరములు’. మనిషికి పనికొచ్చేదంతా ఆ ఇతరముల్లోనే పడి ఉంది. పురోహితుల నంబర్లు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు అద్దె గదులు, ఊరగాయల ప్రకటన, పోయిన ఏడాది వనభోజనాల బస్సు వేళలు. వాటన్నిటి అడుగున ఒక మంచి పేజీ ఉంది.

ఊళ్ళ నుంచి వైద్యం కోసం ఢిల్లీ పెద్దాసుపత్రులకు వచ్చే తెలుగువాళ్ళలో చాలామందికి హిందీ రాదు. వాళ్ళ వెంట వెళ్ళి డాక్టరు చెప్పింది తెలుగులో చెప్పి, వీళ్ళ గోడు హిందీలో చెప్పే మనుషులు సంఘంలో ఆరుగురున్నారు. వాళ్ళకు పెద్ద దిక్కు ఒక రిటైర్డు నర్సు. కరీంనగర్ వైపు నుంచి పెళ్ళయి వచ్చి నలభై ఏళ్ళుగా ఢిల్లీలో ఉంటోంది. ఆమెను అందరూ ఆంటీ అంటారు, నేనూ అంతే. ఆ ఆరుగురి నంబర్లు ఉన్న పేజీ అది. దాన్ని పైకి తేవాలని మొదటి రోజే అనుకున్నాను. ఆ మాత్రం తెలివి నాకుంది. తర్వాత చేసిందే తెలివి తక్కువ పని.

ఒక ఆదివారం పేజీల పేర్లన్నీ చీటీల మీద రాసి భోజనాల బల్ల మీద పరిచి, ఏది దేని పక్కన ఉండాలో పెట్టి చూశాను. మా అమ్మాయిని పిలిచాను. దానికి తెలుగు అర్థమవుతుంది, కూడబలుక్కుని చదువుతుంది, జవాబు మాత్రం హిందీలోనే చెబుతుంది. నేను కొత్తగా పేరు పెట్టిన చీటీని పట్టుకుని రెండుసార్లు చదివింది.

“మమ్మీ, యే వైద్య సహాయ సేవలు క్యా హై?”

“ఆసుపత్రికి తోడు రావటం.”

“తో వహీ లిఖో నా.”

నీకు తెలుగు రాకపోతే లోకంలో ఎవరికీ రాదా అని కసిరి పంపించేశాను. ‘అదే రాయొచ్చు కదా’ అని పద్నాలుగేళ్ళ పిల్ల ఒక్క ముక్కలో చెప్పింది నాకు ఎక్కలేదు.

ఆ తర్వాతి వారం అశోకా రోడ్‌లో తెలుగు భోజనం దొరికే క్యాంటీనులో సంఘం కార్యదర్శి, ఆంటీ, నేను కలిశాం. కార్యదర్శి గారు కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు. పప్పన్నం కలుపుకుంటూ కూడా ఫైలు మీద సంతకం పెడుతున్నంత గంభీరంగా ఉంటారు. కొత్త పేర్ల జాబితా చూసి, “హుందాగా ఉందండీ, ఇట్లాగే కానివ్వండి” అన్నారు. ఆంటీ మాత్రం కాగితాన్ని కళ్ళజోడుకు దగ్గరగా పెట్టుకుంది.

“బిడ్డా, గీ పేరు నాకే నోరు తిరుగుతలేదు. దవాఖాన అని రాయరాదు? మా దిక్కు గట్లనే అంటరు.”

“మాట్లాడేటప్పుడు సరే ఆంటీ, రాతలో బాగుండదండీ. అయినా అది తెలుగు మాట కూడా కాదు కదా.”

ఆమె నన్నొకసారి చూసి, రసం అన్నంలో పోసుకుంది. “ఠీక్ హై. సదువుకున్నోళ్ళు మీరు.”

నాది గోదావరి జిల్లా. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత దర్జా ఉందో ఇప్పటికీ నాకు వినపడుతుంది. మా ఆసుపత్రి మాత్రం ఏ తాళపత్రాల్లో పుట్టిందని? అదీ ఇంగ్లీషు నుంచి వచ్చిందే. ఒక పొరుగింటి మాటను నట్టింట్లో కూర్చోబెట్టి, ఇంకో పొరుగింటి మాటను గుమ్మం బయట నిలబెట్టాను.

పేజీలోకి వెళ్ళటానికి రెండు దారులు పెట్టాను. ఒకటి, ‘సేవలు’ నొక్కితే అందులో ‘వైద్య సహాయ సేవలు’. రెండోది వెతికే పెట్టె. మెనూలో కనపడకపోతే అక్కడ మాట రాసి అడగొచ్చు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అడిగితే దొరుకుతుందని నా ధైర్యం. పెట్టెకు ఒక మాటల పట్టిక కూడా తయారుచేశాను. ఆసుపత్రి అని రాసినా, ఆస్పత్రి అని రాసినా, హాస్పిటల్, వైద్యశాల, డాక్టరు అని రాసినా అదే పేజీ వస్తుంది. ఆసుపత్రి, ఆస్పత్రి రెండూ గుర్తుపెట్టుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. కొత్త సైటు తెరిచిన రోజు సంఘంలో లడ్డూలు పంచారు. ఇల్లు అలకగానే పండగ కాదని మా అమ్మ అనేది.

మా పెట్టెలో ఎవరైనా ఏదైనా వెతికితే ఆ మాట, ఆ వేళ నమోదవుతాయి. ఎవరు వెతికారో ఉండదు. పేరుండదు, నంబరుండదు. వెతికినా ఏమీ దొరకని మాటలన్నీ వేరే జాబితాగా వస్తాయి. ప్రతి సోమవారం మెట్రోలో ఆ జాబితా చూసుకోవటం అలవాటు చేసుకున్నాను. మొదటి వారాల్లో నవ్వొచ్చేవే వచ్చాయి. గోంగూర ఎక్కడ, పెళ్ళి సంబంధం బ్రాహ్మిణ్ ఎంబీఏ, వనభోజనాలు బస్సు ఎక్కడాగును. నవ్వుకుంటూనే వాటికి దారులు వేశాను.

ఆ సోమవారం మెట్రోలో మహిళల బోగీలో సీటు దొరికింది. జాబితా తెరిచాను. గురువారం నాటివి తొమ్మిది వెతుకులాటలు వరసగా ఉన్నాయి.

పది గంటల ఎనిమిది నిమిషాలకు: దవఖాన. తొమ్మిది నిమిషాలకు: దవాఖాన. తర్వాత అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో రెండు రకాలుగా. పదింబావుకు: పెద్ద దవాఖాన తెలుగు. పది ఇరవైకి: తెలుగు మాట్లాడెటోళ్లు. పదిన్నరకు: సంతకం కాగితం సదివెటోళ్లు. తర్వాత గంటకు పైగా ఏమీ లేదు. పదకొండు నలభైకి: పిల్ల గుండె ఆపరేషన్ సంతకం.

చివరిది పన్నెండు దాటాక. ఎవరన్న ఉన్నరా.

తొమ్మిదిటికీ మా పెట్టె ఒకటే జవాబు చెప్పింది. క్షమించండి, మీరు వెతికినదానికి ఫలితాలు లేవు. ఆ ‘క్షమించండి’ నేనే చేర్చాను, మర్యాదగా ఉంటుందని.

అడగందే అమ్మయినా పెట్టదన్న సామెతను నమ్ముకుని కూర్చున్నాను కదా, అడిగారు. తొమ్మిదిసార్లు అడిగారు. ఆ మనిషి ఎవరో తెలియదు కానీ ఎక్కడ కూర్చుని ఉంటుందో నాకు కనపడుతూనే ఉంది. ఒళ్ళో పిల్ల, చేతిలో అర్థంకాని కాగితం, రెండో చేతిలో ఫోను. తల్లే అయి ఉంటుందని ఎందుకో అనిపించింది. సంతకం పెట్టేసిందా? ఏముందో తెలియకుండానే పెట్టిందా? పెట్టనందా? పిల్ల ఏమైంది? ఇది జరిగి నాలుగు రోజులైంది. గుండె జబ్బున్న పిల్లకు నాలుగు రోజులంటే ఎంతో నాకు తెలియదు. ఆ తెలియకపోవటమే నన్ను తినేసింది. తలెత్తేసరికి రాజీవ్ చౌక్ దాటిపోయింది. అక్కడ లైను మారాల్సినదాన్ని, ఎక్కడో దిగి వెనక్కి రావాల్సి వచ్చింది.

ఆఫీసులో ఆ పూట వెబ్‌సైట్‌లో నొక్కే ఒక గుండీ పేరు ‘ముందుకు’ అని ఉండాలా ‘కొనసాగించు’ అని ఉండాలా అని గంటన్నర మీటింగు జరిగింది. ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. బయటికి రాగానే మెట్ల దగ్గర నిలబడి ఆంటీకి ఫోన్ చేశాను.

“గురువారం మీకు ఆసుపత్రి తోడు కోసం ఎవరైనా ఫోన్ చేశారా ఆంటీ?”

“లే బిడ్డా. గురువారం ఎవ్వరు చెయ్యలే. ఇంట్లనే ఉన్న. పొద్దంత ఊకెనే కూసున్న.”

ఆమె ఇంట్లో, ఫోను పక్కన, పొద్దంతా ఖాళీగా కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా నేను కట్టిన గోడ తప్ప ఇంకేమీ లేదు. జాబితాలో ఉన్నవి ఒక్కొక్కటే చదివి వినిపించాను. ‘నేను ముందే చెప్పిన’ అని ఆమె అంటుందేమోనని ఎదురుచూశాను. అంటే నాకు కొంత తేలికయ్యేది.

“రేపు పొద్దుగాల పోదాం” అంది. “పిల్లల గుండె అంటే ఎక్కడ ఉంటరో నాకెర్కనే. జర పెందలాడే రా.”

మధ్యాహ్నం అన్నం మానేసి మాటల పట్టికలో దవాఖాన, దవఖాన, అన్ని స్పెల్లింగులూ చేర్చాను. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు. ఇంటికి వెళ్ళాక కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మావారు, “ఢిల్లీలో ఇన్ని లక్షల మందిలో ఆవిణ్ణి ఎక్కడని పట్టుకుంటావు?” అన్నారు. అది నాకూ తెలుసు.

మంగళవారం సెలవు పెట్టాను. ఆంటీ తీసుకెళ్ళిన పెద్దాసుపత్రి బయట పేవ్‌మెంటు మీద దేశమంతా కూర్చుని ఉంది. దుప్పట్లు, స్టీలు క్యాన్లు, ఎక్స్‌రే కవర్లు, తాడుకు ఆరేసిన పిల్లల బట్టలు. నేను ఒక్కొక్కరి మొహమూ చూస్తూ, తెలుగువాళ్ళలా ఉన్నారా అని అంచనా వేస్తూ, అడగాలా వద్దా అని సందేహిస్తూ నడుస్తున్నాను. ఆంటీ అట్లాంటివేం పెట్టుకోలేదు. మొదటి గేటు దగ్గర నిలబడి, కూరగాయల బండివాడికి మించిన గొంతుతో అరిచింది.

“మనోళ్ళెవరన్న ఉన్నరా?”

పెట్టెలో చదివిన మాటే. అది పుట్టిన యాసలో చెవులతో వినటం అదే మొదటిసారి.

మొదటి గేటు దగ్గర ఎవరూ పలకలేదు. రెండో గేటు దగ్గర ఒక పెద్దాయన తిరిగి చూశాడు కానీ ఆయనది ఒడిశా. మూడోచోట, మెట్రో స్తంభం నీడలో, ఒక అమ్మాయి గబుక్కున లేచి నిలబడింది. ఇరవయ్యారేడేళ్ళుంటాయేమో. కాళ్ళ దగ్గర ఐదేళ్ళ పాప బిస్కెట్టు నీళ్ళలో ముంచుకుని తింటోంది. పాప వేళ్ళ చివర్లు నీలంగా ఉన్నాయి. పాప తింటోంది, అది చూశాను ముందు. కళ్ళలో నీళ్ళు తిరిగి పక్కకు తిరిగాను.

ఆంటీ నేల మీద కూర్చుంది. “ఏ ఊరు బిడ్డా?”

ఆ అమ్మాయి ఊరు చెప్పింది, ఆపకుండా మిగతాదీ చెప్పింది. భర్త ఇంట్లో మరిచిపోయిన కాగితాలు తేవటానికి ఊరెళ్ళాడు. ఆయన రైల్లో ఉన్న రోజునే, అంటే గురువారం, లోపల కాగితాలిచ్చి సంతకం పెట్టమన్నారు. శనివారం ఆపరేషను.

“ఏం రాసిండ్రో ఎర్కలేదమ్మా. డాక్టరమ్మ మంచిగనే చెప్పింది, హిందీల చెప్పింది. నాకు సగం సమజ్ కాలే. పిల్లకు ఏమన్నయితే మాకు సంబంధం లేదని రాపిచ్చుకుంటరని పక్కన కూసున్నామె అన్నది. బుగులైంది. నేను పెట్టలే.”

ఆమె సంతకం పెట్టనందుకు శనివారం వంతు ఇంకో పిల్లకు వెళ్ళింది. మళ్ళీ పిలుస్తాం, ఆగమన్నారట.

ఆంటీ ఆ కాగితాలు తీసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పింది. అరగంట పట్టింది. మత్తు ఎట్లా ఇస్తారు, ఎంతసేపు పడుతుంది, ఏ ఇబ్బందులు రావొచ్చు, ఏదీ దాచలేదు. ఆ అమ్మాయి భయపడ్డ వాక్యం దగ్గరకు వచ్చాక కాగితం దించింది.

“ఈ మాట అందరికి రాస్తరు బిడ్డా. నా మోకాలు ఆపరేషన్‌కు నేను గూడ పెట్టిన సంతకం. పిల్లను ఇడిసిపెడుతమని కాదు దీనర్థం. ఏమేం కావచ్చునో నీకు ముందుగాల చెప్పినమని.”

ఆ అమ్మాయి తల ఊపింది. మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత అంది, ఎవరినీ నిందించకుండా, మామూలుగా:

“గురువారం గిట్ల చెప్పెటోళ్ళుంటే అప్పుడే పెడుదును.”

నేను నిలబడే ఉన్నాను. కూర్చోవటానికి మొహం చెల్లలేదు. ఆంటీ నావైపు చూపించి, “ఫోన్ల నువ్వు రాసినవి ఈమె సూసింది, గందుకే అచ్చినం” అంది. ఆ అమ్మాయి ఆశ్చర్యంగా చూసింది. దిగిన వసతి గృహం గోడ మీద సంఘం వెబ్‌సైట్ చిరునామా ఉందట. కింద ఉన్న ఆఫీసు నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదట. ఆ ఆఫీసు ఆదివారం మాత్రమే తెరుస్తారు.

“డబ్బల రాస్తే ఎవరన్న పల్కుతరనుకున్న మేడం. ఆ డబ్బ ఎనక ఎవ్వరుండరా?”

“నేనుంటానమ్మా. గురువారం చూడలేదు. నిన్న చూశాను.”

ఆమె కొంగుతో పాప మూతి తుడిచి, “అచ్చిండ్రు గద” అంది.

తిట్టినా బాగుండేది. ఆ రెండు మాటలు ఇప్పటికీ చెప్పులో రాయిలా నాతో నడుస్తున్నాయి.

ఆ రోజే ఆంటీ ఆమెను లోపలికి తీసుకెళ్ళి సంతకం పెట్టించింది. కొత్త తేదీ పదహారు రోజుల తర్వాత వచ్చింది. ఆ పదహారు రోజులూ నేను ఎట్లా ఉన్నానో నాకే తెలుసు. ఆంటీ నుంచి ఫోన్ వస్తే ఎత్తటానికి భయం, రాకపోతే ఇంకా భయం. తొమ్మిదో రోజు పాపకు ఆయాసం ఎక్కువై అత్యవసర విభాగానికి తీసుకెళ్ళారు. నేను ఆఫీసులో మంచినీళ్ళ కూలరు పక్కన నిలబడి, ఒక మాట రాయటానికి నామోషీ పడ్డ మనిషికి ఇంకో అవకాశం ఇవ్వమని దేవుణ్ణి అడిగాను. నాకు పెద్దగా పూజలు అలవాటు లేదు. సాయంత్రానికి పాప తేరుకుంది. ఆపరేషను అనుకున్న రోజునే అయింది. ఇంటికి వెళ్ళే ముందు ఆంటీ ఫోన్లో పాప నాతో మాట్లాడింది. “నీ పేరేంది?” అని అడిగి, నేను చెప్పేలోపే ఫోను వాళ్ళమ్మకు ఇచ్చేసింది.

సైటు మళ్ళీ సర్దాను. ఈసారి బల్ల మీద చీటీలు పరిచి పేర్లు నేను పెట్టలేదు. ఖాళీ చీటీలు పట్టుకుని ఆంటీతో ఆ గేట్ల దగ్గరకే వెళ్ళి, “ఇట్లాంటి సాయం కావాలంటే మీరు ఏమని అడుగుతారు?” అని తెలుగువాళ్ళను అడిగి, వాళ్ళు అన్నదే రాసుకున్నాను. పేజీ పేరు ఇప్పుడు ‘దవాఖానకు తోడు కావాలా?’ కింద ఆసుపత్రి, హాస్పిటల్ అని కూడా ఉంటుంది. నంబరు ప్రతి పేజీలో అన్నిటికన్నా పైన ఉంటుంది. అధ్యక్షుల సందేశం కిందికి దిగింది. కార్యదర్శి గారు హుందాతనం పోయిందని బాధపడ్డారు. “పోనీండి సార్” అన్నాను. మా అమ్మాయికి చూపిస్తే చదివి, “అబ్ ఠీక్ హై” అని వెళ్ళిపోయింది.

మాటల పట్టికలో చివరి వరుస ఒకటి చేర్చాను. ‘ఎవరన్న ఉన్నరా’ అని ఎవరు రాసినా ఆంటీ నంబరు వస్తుంది. మళ్ళీ ఎవరూ అట్లా రాయలేదు. రాయరేమో. అయినా రోజూ పొద్దున మెట్రో ఎక్కగానే నేనే రాసి చూస్తాను, ఆమె రాసినట్టే, దీర్ఘం లేకుండా. నంబరు వస్తుంది. వచ్చినా నమ్మకం కుదరదు, ఆ నంబరుకు ఫోన్ చేస్తాను. మూడు రింగులకు ఆంటీ ఎత్తుతుంది. ఎవరని అడగదు.

“ఉన్న బిడ్డా, ఉన్న. పెట్టెయ్” అంటుంది.